శత్రువుకు చేసే మేలులోనూ ఆనందం దొరకాలా?

మీరు అడిగినదానిలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఇతరులకు సాయపడడంలో మీకు ఎప్పుడూ తృప్తి దొరుకుతూ వచ్చిందని, అదే మీకు పెద్ద బలమని రాశారు. అయితే వ్యాపారంలో మిమ్మల్ని మోసగించి, ఆ తరువాత నలుగురిలో మీ పేరు చెడగొట్టిన పాత భాగస్వామి ఇప్పుడు జబ్బుపడి, అప్పులపాలై ఉన్నాడు. అతనికి కూడా సాయం చేయాలా అన్నది మొదటి ప్రశ్న. చేద్దామని అనుకున్నా మనసులో ఏ మాత్రం సంతోషం కలగడం లేదే, మరి ఇంతకాలం నాలో ఉన్నదనుకున్న మంచితనం ఉత్తిదేనా అన్నది రెండవ ప్రశ్న. మీ మాటల తీరు చూస్తే రెండవదే మిమ్మల్ని ఎక్కువగా బాధిస్తున్నదనిపిస్తున్నది. ఆస్తి, కుటుంబ, వ్యాపార తగాదాలలో మధ్యవర్తిగా చాలా కాలం పనిచేసినవాడిగా నాకు తోచిన సమాధానం ఇది: సాయాన్ని శత్రువు దాకా విస్తరించవచ్చు, కొన్ని సందర్భాలలో విస్తరించక తప్పదు, కానీ ఆనందాన్ని కూడా అక్కడిదాకా ఈడ్చుకుపోవాలని ప్రయత్నించకండి. సాయం చెడిపోయేది చాలాసార్లు ఆ ప్రయత్నం దగ్గరే.

ముందు ఆ ఆనందం సంగతి చూద్దాం. ఇతరులకు ఇవ్వడంలో సంతోషం ఉన్నదన్న మాటకు ప్రయోగాల ఆధారం కూడా ఉన్నది. 2008లో ఎలిజబెత్ డన్, లారా ఆక్నిన్, మైకేల్ నార్టన్ అనే పరిశోధకులు కొందరికి ఐదు డాలర్లు, మరికొందరికి ఇరవై డాలర్లు ఇచ్చి, సాయంత్రంలోగా ఖర్చు చేయమన్నారు. కొందరిని తమ కోసమే ఖర్చు పెట్టుకోమని, కొందరిని ఇతరుల కోసం పెట్టమని చెప్పారు. ఇతరుల కోసం పెట్టినవారే సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా ఉన్నారు. ఇచ్చిన మొత్తం ఐదా ఇరవయ్యా అన్నదానితో పెద్ద తేడా రాలేదు. అయితే ఆ తరువాత వచ్చిన పరిశోధనలు ఈ సంతోషానికి కొన్ని షరతులున్నాయని చూపాయి. తన ఇష్టంతో చేసిన సాయం ఇచ్చినంత తృప్తిని, మొహమాటానికో ఒత్తిడికో చేసిన సాయం ఇవ్వదు. దగ్గరివారి కోసం చేసిన ఖర్చు ఇచ్చినంత సంతోషాన్ని, అంతగా పరిచయం లేనివారి కోసం చేసిన ఖర్చు ఇవ్వదు. ఈ షరతులను మీ పాత భాగస్వామి విషయానికి అన్వయించి చూడండి. దగ్గరితనం ఎప్పుడో పోయింది. ఇష్టం సగమే ఉన్నది, మిగిలిన సగం ‘చేయకపోతే నేనేం మనిషిని’ అన్న భయం. సంతోషాన్ని పుట్టించే పరిస్థితులే లేనిచోట సంతోషం పుట్టలేదని మీ మంచితనాన్ని అనుమానించడం అన్యాయం.

ఇంకొక ప్రయోగం కూడా ఇక్కడ చెప్పుకోదగినది. 2006లో మెదడు పరిశోధకురాలు తానియా సింగర్ బృందం 32 మందిని తీసుకుని, ముందు వారి చేత ఇద్దరితో డబ్బు ఆట ఆడించింది. ఆ ఇద్దరిలో ఒకరు న్యాయంగా ఆడారు, ఒకరు మోసం చేశారు. తరువాత ఆ ఇద్దరికీ నొప్పి కలిగిస్తున్నప్పుడు చూస్తున్నవారి మెదడులో ఏం జరుగుతున్నదో స్కానర్‌తో గమనించారు. న్యాయంగా ఆడినవారి నొప్పికి ఆడా మగా అందరి మెదడూ తానే నొప్పి పడుతున్నట్టు స్పందించింది. మోసగాడి నొప్పి దగ్గరకు వచ్చేసరికి, ముఖ్యంగా మగవారిలో, ఆ స్పందన బాగా తగ్గింది. పైగా సంతృప్తికి సంబంధించిన భాగాలలో కదలిక కనిపించింది. ఇంత చిన్న గుంపును చూసి ఆడవారి మనసు ఇట్లా, మగవారి మనసు అట్లా అని సూత్రాలు కట్టడం నాకు ఇష్టం లేదు. కానీ మనకు అన్యాయం చేసినవాడు బాధపడుతుంటే మనసు చల్లబడినట్టు అనిపించడం ఏదో ఒక చెడ్డ మనిషికి మాత్రమే ఉండే లక్షణం కాదని దీనివల్ల తెలుస్తుంది. అతను జబ్బుపడ్డాడన్న వార్త విన్నప్పుడు మీకు ఒక్క క్షణం తృప్తి కలిగిందని సిగ్గుపడుతూ రాశారు. అందులో అంత సిగ్గుపడవలసినది లేదు. ఆ క్షణం తరువాత ఏం చేశారన్నదే లెక్క.

జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో ఈ చిక్కుముడినే విప్పే ప్రయత్నం చేశాడు. పొరుగువాణ్ణి, చివరికి శత్రువును కూడా ప్రేమించమని మతగ్రంథం ఆజ్ఞాపిస్తున్నదే, ప్రేమ అనే భావాన్ని ఎవరైనా ఆజ్ఞతో పుట్టించగలరా అని అడిగి, పుట్టించలేరని తేల్చాడు. ఆజ్ఞాపించగలిగింది మేలు చేయడాన్ని మాత్రమే. మనసు ఒప్పకపోయినా, లోపల అయిష్టం ఉన్నా, చేయవలసినది కనుక చేయడం సాధ్యమే. కాంట్ ఇంకా ముందుకు వెళ్లి, సంతోషం కోసం చేసే మేలుకు నైతికమైన విలువే లేదన్నంత దూరం పోయాడు. అంత కఠినంగా ఉండనక్కరలేదని నా అభిప్రాయం. సంతోషంగా వడ్డించిన చేయికి, విధిగా వడ్డించిన చేయికి మధ్య తేడా తినేవాడికి తెలుస్తుంది. అయినా శత్రువు విషయంలో మాత్రం ఆయన మాట సరిగ్గా సరిపోతుంది. మీ చేతిలో ఉన్నది పని. భావం మీ చేతిలో లేదు.

ఇక మొదటి ప్రశ్న. అపకారికి ఉపకారం చేయాలా అన్నదానిమీద మనుషులు ఏనాడూ ఏకాభిప్రాయానికి రాలేదు. గ్రీకుల కాలంలో మిత్రులకు మేలు, శత్రువులకు కీడు చేయడమే న్యాయమని సామాన్యంగా అనుకునేవారు. ప్లేటో రాసిన సంభాషణలో సోక్రటీస్ దీనిని కాదంటాడు. కీడు చేస్తే ఎదుటివాడు మరింత చెడ్డవాడవుతాడు, ఒకరిని మరింత చెడ్డవాణ్ణి చేయడం న్యాయవంతుడి పని ఎలా అవుతుందని ఆయన వాదన. గమనించండి, శత్రువుకు కీడు చేయవద్దన్నాడు గానీ అక్కడ మేలు చేసి తీరాలని అనలేదు. చైనాలో లావోజు పేరు మీద ఉన్న గ్రంథం అపకారానికి ఉపకారంతోనే బదులివ్వమంటుంది. ఇదే మాటను ఒకరు కన్ఫ్యూషియస్ ముందు పెడితే ఆయన ఎదురు ప్రశ్న వేశాడు: అపకారికి ఉపకారమే చేస్తే, మరి ఉపకారికి ఏమి చేస్తావు? అపకారానికి న్యాయంతో, ఉపకారానికి ఉపకారంతో బదులివ్వమని ఆయన తీర్పు. దీన్ని చాలామంది సంకుచితమని కొట్టిపారేస్తారు గానీ, మధ్యవర్తిగా కూర్చున్నవాడికి ఇందులోని బరువు తెలుస్తుంది. మీ డబ్బుకు, సమయానికి, ఓపికకు హద్దు ఉన్నది. శత్రువును ఆదుకున్న గొప్పతనం కోసం, ఏనాడూ మీకు ద్రోహం చేయని ఇంటివారిని ఇబ్బందిపెడితే, ఆ గొప్పతనం ఖర్చంతా వారు భరించినట్టు అవుతుంది.

శత్రువుకు సాయం చేస్తే ఏమవుతుందో నిజాయితీగా చెప్పిన కథ మహాభారతంలోని ఘోషయాత్ర. మన పెద్దలు దాన్ని ధర్మరాజు ఔదార్యానికి ఉదాహరణగా చెప్పి అక్కడే ఆపేస్తారు, అసలు సంగతి ఆ తరువాత ఉన్నది. అడవిలో కష్టాలు పడుతున్న పాండవులకు తన వైభవం చూపించి ఏడిపించాలని దుర్యోధనుడు ఆలమందలను చూసే నెపంతో బయలుదేరుతాడు. దారిలో గంధర్వులతో తగవు పెట్టుకుని, చిత్రసేనుడి చేతిలో ఓడి, బందీ అవుతాడు. అతని మనుషులు పరుగెత్తుకొచ్చి పాండవులనే శరణు వేడుతారు. మనం ఎంతో శ్రమపడి చేయవలసిన పనిని గంధర్వులే చేసిపెట్టారని భీముడు సంతోషిస్తాడు. ధర్మరాజు అతన్ని మందలించి, మనలో మనకు ఎన్ని తగవులున్నా బయటివాడు మీదపడినప్పుడు మనం నూట అయిదుగురమని చెప్పి, తమ్ములను పంపి విడిపిస్తాడు. ఎదురుగా నిలబడిన దుర్యోధనుడికి, ఇకమీదట ఇటువంటి సాహసం చేయవద్దని చెప్పి ఇంటికి పంపిస్తాడు.

తరువాత ఏమైంది? దుర్యోధనుడు మారలేదు. శత్రువుల దయతో బతికానన్న అవమానం భరించలేక, రాజ్యం దుశ్శాసనుడికి అప్పగించి, తిండి మాని ప్రాణం విడిచే ప్రాయోపవేశానికి సిద్ధపడతాడు. ఓడిపోవడం కంటే వారి చేత విడిపించబడడమే అతనికి పెద్ద దెబ్బ. చివరికి అతన్ని ఓదార్చినవారు అర్జునుణ్ణి చంపుతామన్న మాటతోనే ఓదార్చారు. అంటే ఆ సాయం వల్ల వైరం తగ్గకపోగా మరింత ముదిరింది. అయినా ధర్మరాజు చేసినది తప్పని కథ ఎక్కడా అనదు. ఫలితం మీద ఆశ పెట్టుకుని చేసి ఉంటే అది ఓడిపోయిన పని. బందీగా ఉన్నవాణ్ణి విడిపించాలి కాబట్టి చేశాడు గనుక అది అక్కడితో పూర్తయిన పని. మీరు సాయం చేస్తే మీ భాగస్వామి కరిగిపోయి, కన్నీళ్లతో క్షమాపణ అడుగుతాడని మనసులో ఏ మూలనో చిత్రం ఉంటే, దాన్ని ఇప్పుడే చెరిపేయండి. అవమానపడడానికి అతనికీ కారణాలుంటాయి.

నా దగ్గరకు వచ్చిన ఒక తగాదా చెబుతాను. వాటాల మీద చాలాకాలం మాటలు లేని అన్నదమ్ములు. అన్నకు ఆపరేషన్ అవసరమైతే, తమ్ముడు వచ్చి ఆసుపత్రి బిల్లంతా కట్టాడు. అంతవరకు బాగానే ఉన్నది. ఆ తరువాత బంధువులలో ఎవరు కనబడినా ‘ఇంత చేసినవాడికి కూడా నేను అంత చేశాను’ అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఆరు నెలలు తిరగకుండా అన్న ఆ డబ్బు వడ్డీతో సహా తెచ్చి, మధ్యవర్తులందరి ముందూ పడేసి వెళ్లిపోయాడు. అప్పటిదాకా పొలం గట్టు దగ్గర ఉన్న తగవు అక్కడి నుంచి మనిషి దాకా వచ్చింది. తమ్ముడు నిజంగానే బాధపడ్డాడు, మంచి చేస్తే ఇదా ఫలితం అన్నాడు. నాకు మాత్రం అతను ఆ ఆనందాన్ని సాయం నుంచి కాక, అన్నను తల వంచేలా చేయడం నుంచి తీసుకున్నాడనిపించింది.

ఈ ప్రమాదం పెద్దవాళ్లకు తెలియనిది కాదు, కొందరు దాన్ని మరుగుపరచలేదు కూడా. చేత చిక్కిన శత్రువుకు కీడు చేయక, మేలు చేసి పొమ్మనడమే అతనికి చావు అన్నాడు వేమన. కీడు చేసినవాడు సిగ్గుపడేలా మేలు చేసి వదిలేయడమే అతనికి శిక్ష అంటుంది తమిళ నీతిగ్రంథం తిరుక్కురళ్. ఆకలిగొన్న శత్రువుకు అన్నం పెడితే అతని తలమీద నిప్పులు పోసినట్టే అన్న బైబిల్ సామెతల గ్రంథంలోని మాటను పౌలు రోమీయులకు రాసిన లేఖలో తిరిగి చెప్పాడు. వీటికి వ్యాఖ్యాతలు రకరకాల అర్థాలు చెబుతారు. పగ తీర్చుకోవాలని రగిలిపోతున్నవాణ్ణి ఆపడానికి ఇంతకంటే తెలివైన మాట లేదని నేనూ ఒప్పుకుంటాను. కత్తి పట్టిన చేతికి గిన్నె అందించడం తక్కువ పనా? కానీ పగ తీర్చుకునే ఉద్దేశం లేని మీవంటివారికి ఈ సలహా పనికిరాదు, ఎందుకంటే అది లేని పగను మేలు రూపంలో లోపలికి తెస్తుంది. మీకు సరిపోయేది సుమతి శతకం చెప్పినది: అపకారికి ఉపకారం, అతని తప్పు ఎంచకుండా. తప్పు ఎంచకుండా అంటే తప్పును మరచిపోవాలని కాదు. సాయం చేసే పూట దాన్ని ఎత్తవద్దని.

సాయం ఎక్కడిదాకా అన్నదానికి నాకు పనికివచ్చిన గీత ఒకటున్నది. శత్రువు మనిషిగా పడే కష్టం వేరు, శత్రువుగా అతనికి కావలసినది వేరు. గాయం, ఆకలి, జబ్బు, పిల్లల చదువు మొదటి రకం. మీ మీద వేసిన దావాలో గెలవడం, మీ గురించి చెప్పిన అబద్ధం నిలబడడం, తిరిగి అదే మోసానికి అవకాశం దొరకడం రెండవ రకం. మొదటిదానికి చేయి అందించి, రెండవదానికి అడ్డుగా నిలబడడంలో ఏ వైరుధ్యమూ లేదు. 1859 జూన్‌లో ఇటలీలోని సోల్ఫెరినో యుద్ధం ముగిశాక పక్కనున్న కాస్టిగ్లియోనే ఊరి స్త్రీలు ఇరుపక్షాల గాయపడ్డ సైనికులకూ ఒకే తీరుగా సేవ చేశారు. అది కళ్లారా చూసిన హెన్రీ డ్యూనాంట్ ప్రయత్నాల వల్లనే రెడ్‌క్రాస్ పుట్టింది, 1864లో మొదటి జెనీవా ఒప్పందం కుదిరింది. గాయపడినవాడు ఏ దేశంవాడైనా చికిత్స చేయాలన్నది ఆ ఒప్పందంలోని మాట. అతని సైన్యం గెలవడానికి తోడ్పడమని అందులో ఎవరూ అడగలేదు. బైబిల్ నిర్గమకాండంలో శత్రువు గాడిద బరువు కింద పడిపోయి కనిపిస్తే వదిలి వెళ్లవద్దని, అతనితో కలిసి దాన్ని లేపమని ఉన్నది. అక్కడా సాయం గాడిదకూ దాని బరువుకూ పరిమితం. ఆ నియమం మీద యూదు పండితులు ఒక చిత్రమైన సందర్భం ఊహించి చర్చించారు. మిత్రుడి గాడిద బరువు దించాలి, శత్రువు గాడిద మీద బరువెక్కించాలి, ముందు ఎవరికి చేయాలి? మామూలుగా దించడమే ముందు, ఎందుకంటే మూగజీవి బాధపడుతున్నది. అయినా ముందు శత్రువుకే చేయమన్నారు, అట్లా చేస్తే తన లోపలి వ్యతిరేకతను అణచడం అలవాటవుతుందని. ఇందులోనూ ఎక్కడా ఆనందం ప్రస్తావన లేదు.

పతంజలి యోగసూత్రాలలో సుఖంగా ఉన్నవారిపట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవారిపట్ల కరుణ, పుణ్యాత్ములపట్ల సంతోషం, పాపులపట్ల ఉపేక్ష అలవరచుకుంటే మనసు తేటపడుతుందని ఉన్నది. మీ భాగస్వామి ఒకే సమయంలో దుఃఖంలో ఉన్నవాడూ, తప్పు చేసినవాడూ. అతని జబ్బుపట్ల కరుణ, అతని తప్పుపట్ల ఉపేక్ష అని రెంటినీ విడదీసుకోవచ్చు. సంతోషాన్ని మాత్రం అక్కడ వేరేవారి కోసం ఉంచారని గమనించండి.

సాధన దృష్టితో చూసినా శత్రువు చివరన రావాలి. అయిదవ శతాబ్దపు బౌద్ధ ఆచార్యుడు బుద్ధఘోషుడు మైత్రీభావనను, అంటే ఇతరుల మేలు కోరే ధ్యానాన్ని, శత్రువుతో మొదలుపెట్టవద్దని స్పష్టంగా చెప్పాడు. ముందు తాను, తరువాత గౌరవించే ఆత్మీయుడు, తరువాత ఏ సంబంధమూ లేనివాడు, ఆ పైననే శత్రువు. అక్కడ కోపం అడ్డుపడితే ఏమి చేయాలో ఒకదాని తరువాత ఒకటి చాలా ఉపాయాలు చెప్పి, ఏదీ పనిచేయకపోతే చివరికి ఆ మనిషికి ఏదైనా ఇమ్మన్నాడు, అతని దగ్గర ఏదైనా పుచ్చుకొమ్మని కూడా అన్నాడు. పుచ్చుకోవడం కూడా ఒక మార్గమన్నది నాకు చాలా ఇష్టమైన మాట. అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో ఇటువంటిదే చెబుతాడు. శాసనసభలో తనను వ్యతిరేకించిన ఒక సభ్యుణ్ణి మంచి చేసుకోవడానికి అతనికి ఏ సేవా చేయలేదు. అతని దగ్గరున్న అరుదైన పుస్తకం ఒకటి అరువు అడిగి, చదివి, వారం రోజులలో కృతజ్ఞతతో తిరిగి పంపాడు. ఆ తరువాత ఇద్దరూ జీవితాంతం స్నేహితులుగా ఉన్నారు. ఇచ్చేవాడు ఎప్పుడూ కొంచెం పైన ఉంటాడు, పుచ్చుకునేవాడు కొంచెం కింద ఉంటాడు. శత్రుత్వంలో ఆ ఎత్తుపల్లమే కదా అసలు నొప్పి.

ఒక మినహాయింపు గట్టిగా చెప్పాలి. మిమ్మల్ని కొట్టినవాడు, బెదిరించేవాడు, ఇంకా హాని చేయగల స్థితిలో ఉన్నవాడు అయితే, నేను పైన చెప్పినదేదీ మీరు స్వయంగా అతని దగ్గరకు వెళ్లాలన్నదానికి కారణం కాదు. హింసకు గురైనవారిని ‘మంచితనం చూపించు, వెళ్లి పలకరించు’ అని పంపే పెద్దమనుషులను నేను చూశాను. ఔదార్యం తన సొంతం నుంచి ఇచ్చేది. ఇంకొకరి భయాన్ని తీసి దానం చేసే హక్కు ఎవరికీ లేదు. అటువంటివాడికి కూడా వైద్యం అందాలి, నిజమే, కానీ దాన్ని అందించే చేయి మీదే కావాలన్న నియమం లేదు. మీ ఉత్తరంలో అటువంటి సూచన ఏదీ లేదు కాబట్టి దీన్ని ఇంతటితో వదిలేస్తాను.

మీ విషయంలో నేనైతే ఇట్లా చేస్తాను. ముందుగా అతను మీకు ఇవ్వవలసిన పాత బాకీని, ఇప్పుడు చేయబోయే సాయాన్ని పూర్తిగా వేరు చేసి చూస్తాను. బాకీ రావాలనుకుంటే కాగితం ప్రకారం, చట్టం ప్రకారం అడుగుతాను. వదులుకోవాలనుకుంటే వదులుకున్నానని రాసి ఇచ్చేస్తాను. రెండింటినీ కలిపితే సాయం వసూలులాగా, వసూలు కక్షలాగా మారిపోతాయి. సాయానికి ఇంట్లోవారితో మాట్లాడి ఒక మొత్తం నిర్ణయించుకుంటాను, తిరిగి రాకపోయినా నిద్ర పట్టేంత మొత్తం. దాన్ని చేతికి ఇవ్వకుండా నేరుగా ఆసుపత్రికే, ఇద్దరికీ తెలిసిన ఒక మనిషి ద్వారా కట్టిస్తాను. ఎవరు కట్టారని అడిగితే అబద్ధం చెప్పవద్దని, అడగకపోతే తానుగా చెప్పవద్దని ఆ మనిషికి చెబుతాను. పరామర్శకు వెళ్లను, అతను రమ్మంటే తప్ప. అతను మీ గురించి చెప్పిన అబద్ధాలకు సమాధానం చెప్పవలసి వస్తే, అతను కోలుకున్న తరువాత, సాయం సంగతి ఎత్తకుండా చెబుతాను.

ఇవన్నీ చేశాక మీకు ఆనందం కలగకపోవచ్చు. చాలామందికి మొదట కలిగేది కొద్దిపాటి చిరాకు, కొంత ఖాళీతనం. కొంతకాలానికి ఆ మనిషి పేరు వినగానే కడుపులో ముడిపడే బిగువు సడలిందని, రోజులో అతని గురించిన ఆలోచనలు తగ్గాయని నాతో చెప్పినవారున్నారు; ఏ మార్పూ రాలేదని చెప్పినవారూ ఉన్నారు. రెండవవారు కూడా చేసినందుకు చింతించలేదు. మీ సంతోషం కోసం మీకు ఇష్టమైనవారు, మీరు రోజూ సాయపడేవారు ఎలాగూ ఉన్నారు, అక్కడి పని ఆపకండి. ఈ వారంలో ఆ ఆసుపత్రి బిల్లు ఎంతో కనుక్కుని, ఇంట్లోవారితో కూర్చుని మాట్లాడండి.